పదహారు పళ్ళ చిన్న చక్రం

పాత బులెట్ తిరుపతి, చిత్తూరు వాళ్ళకు పొరుగూరి బండి. అది తయారైన తిరువొత్తియూరు మద్రాసుకు ఉత్తరపు అంచున ఉంది. తిరుపతిలో బయల్దేరి పుత్తూరు, నగరి, తిరుత్తణి దాటితే మద్రాసు 135 కిలోమీటర్లకు అటూ ఇటూ. ఇక్కడ దొరకని సామాను అక్కడి పుదుపేట బజారులో వెతుక్కోవచ్చు. దశాబ్దాలనాటి పద్ధతిలో కట్టిన ఇంజన్లు ఈ రోడ్ల మీద ఇంకా తిరుగుతున్నాయంటే ఆ దగ్గరితనం కూడా ఒక కారణమే.

బులెట్ పేరు ఇంగ్లండుది. రెడ్డిచ్‌లోని రాయల్ ఎన్‌ఫీల్డ్ 1932లోనే ఆ పేరుతో బండి తెచ్చింది. మనకు తెలిసిన రూపం మాత్రం రెండో ప్రపంచ యుద్ధం తర్వాతది. సరిహద్దు గస్తీకి మన సైన్యం దాన్ని ఎంచుకున్నాక, 1955లో మద్రాస్ మోటార్స్ ఆ కంపెనీతో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను పెట్టింది. మొదట్లో విడిభాగాలు అక్కడినుంచి వస్తే ఇక్కడ బిగించేవాళ్ళు. 1962 నాటికి అన్నీ ఇక్కడే తయారయ్యాయి. ఇంగ్లండులో కంపెనీ 1970లో మూతపడింది. మద్రాసులో మాత్రం 70 మిల్లీమీటర్ల బోరు, 90 మిల్లీమీటర్ల స్ట్రోకు ఉన్న అదే 346 సీసీ ఇంజన్ కొత్త శతాబ్దంలోకి కూడా వచ్చింది.

ఈ బండిలో ముందు స్ప్రాకెట్, అంటే వెనక చక్రానికి పోయే చైన్‌ను తిప్పే చిన్న పళ్ళ చక్రం, మార్చాలంటే మెకానిక్ ముందుగా చెప్పే మాట ఒకటే: “ఎడంపక్కంతా ఇప్పల్ల సామీ.” హీరో హోండా సీడీ 100లో ఆ పని చిన్న మూత, రెండు బోల్టులతో పోతుంది. బులెట్‌లో పూట పడుతుంది. మెకానిక్ అతి చేస్తున్నాడని కొందరు అనుమానిస్తారు కానీ కారణం ఇంజన్ కట్టుబడిలోనే ఉంది.

బులెట్‌లో ఇంజన్ వేరు, గేరుబాక్సు వేరు. రెండింటినీ కలిపేది ఎడమవైపు ప్రైమరీ చైన్. ఆ చైన్ క్లచ్‌ను తిప్పుతుంది, క్లచ్ గేరుబాక్సు ప్రధాన ఇరుసును తిప్పుతుంది. శక్తి ఎడమనుంచి లోపలికి పోయి మళ్ళీ ఎడమనుంచే బయటికి రావాలి. అందుకని ప్రధాన ఇరుసు చుట్టూ ఒక బోలు ఇరుసు ఉంటుంది. ముందు స్ప్రాకెట్ దాని మీద, క్లచ్ వెనకాల కూర్చుంటుంది. హోండాలో క్లచ్ కుడివైపు, స్ప్రాకెట్ ఎడమవైపు కాబట్టి ఆ చిక్కు లేదు. అయితే బులెట్ అమరికలో ఒక గొప్ప లాభముంది. టాప్ గేరులో ప్రధాన ఇరుసు, బోలు ఇరుసు ఒకదానికొకటి లాక్ అయి నేరుగా తిరుగుతాయి. శక్తి గేరు పళ్ళ మీదుగా పోనక్కర్లేదు, ఆ రాపిడిలో వృథా కాదు. స్ప్రాకెట్ దాక్కుని ఉండటం ఆ సుఖానికి మనం కట్టే మూల్యం.

పని వరసగా చూడండి. ప్రైమరీ కేసు ఆయిల్ దించాలి. ఎడమ ఫుట్‌రెస్టు తీసి, నడిమధ్య ఉన్న ఒకే ఒక్క నట్టు విప్పితే పెద్ద మూత ఊడివస్తుంది. తర్వాత ఆల్టర్నేటర్, క్లచ్, ప్రైమరీ చైన్, చివరికి లోపలి కేసు. అప్పుడు కనబడుతుంది స్ప్రాకెట్, ఏళ్ళ తరబడి చైన్ విసిరిన జిడ్డు, మట్టి కలిసి గట్టిపడ్డ నల్లటి పొర కింద. గోకి చూస్తే పళ్ళు ఒకవైపుకు కొడవలి కొనలా వంగి ఉంటాయి. లాక్ వాషర్ చెవిని వెనక్కి మడిచి, వెనక చక్రానికి పోయే చైన్ తీయకుండా, వెనక బ్రేకు గట్టిగా పట్టి ఉంచి నట్టు విప్పాలి.

350 బులెట్‌లో ముందు 16 పళ్ళు, వెనక 38. వెనకది ఒక్క చుట్టు తిరిగేలోపు ముందుది రెండు చుట్లకు పైనే తిరుగుతుంది కాబట్టి ముందు పళ్ళే తొందరగా అరుగుతాయి. చైన్ సాగింది అంటాం కానీ ఇనుము సాగదు. ప్రతి లింకులో పిన్ను, బుష్ కాస్త కాస్త అరిగి మొత్తం పొడవు పెరుగుతుంది. పెరిగిన చైన్ పళ్ళ కొనల మీదికెక్కి వాటిని కోస్తుంది. కొత్త స్ప్రాకెట్‌కు పాత చైన్ వేస్తే ఇదే కథ మళ్ళీ మొదలు. వెనక పళ్ళు బ్రేకు డ్రమ్ముతో కలిపే పోతపోసి ఉంటాయి, అవి పోతే డ్రమ్మంతా మార్చాలి.

చాలామంది ఈ అదనులో 17 పళ్ళది వేయమంటారు. అదే వేగానికి ఇంజన్ ఆరు శాతం తక్కువ తిరుగుతుంది, హైవే మీద హాయి. కానీ పలమనేరు దారిలో మొగిలి ఘాట్ ఎక్కేటప్పుడు, భాకరాపేట ఘాట్‌లో ఇద్దరు కూర్చున్నప్పుడు ఆ ఒక్క పన్ను తేడా తెలుస్తుంది. గేరు తగ్గించాల్సి వస్తుంది. మన కొండదారులకు 16 పళ్ళే సరైనవని నా అభిప్రాయం.

ఇక లీకులు. బండి కింద ఆయిల్ చుక్కలు కనబడగానే షెల్లాక్ పూసి ప్యాకింగ్ బిగించడం మన అలవాటు. ముందు గాలి సంగతి చూడాలి. పిస్టన్ కిందికి దిగిన ప్రతిసారీ 346 సీసీల గాలిని క్రాంక్ కేసులోకి నెడుతుంది. నిమిషానికి 3,000 చుట్లంటే సెకనుకు 50 సార్లు. ఆ ఒత్తిడి పోవడానికి బ్రీదర్ ఉంది. దాని రబ్బరు వాల్వు గాలిని బయటికి వదిలి, లోపలికి రానివ్వదు. రబ్బరు ఎండి బిగుసుకుపోతే గాలి మరో దారి వెతుక్కుంటుంది. టాపెట్ మూత దగ్గరో, క్రాంక్ సీలు దగ్గరో ఆయిల్‌ను తోసుకుంటూ వస్తుంది. ప్రైమరీ కేసులో పోయకుండానే ఆయిల్ పెరుగుతుంటే క్రాంక్ సీలు పోయినట్టే. వాల్వు మార్చకుండా ప్యాకింగ్ ఎన్నిసార్లు మార్చినా డబ్బు దండగ.

గేరుబాక్సు లీకు వేరు. పాత నాలుగు గేర్ల బాక్సు పలచటి గ్రీజుతో నడవడానికి చేసింది. అందులో ఉత్త ఇంజన్ ఆయిల్ నింపితే స్ప్రాకెట్ వెనక సీలు దగ్గర కారడం మొదలవుతుంది. ఆ సీలు చేతికి అందేది స్ప్రాకెట్ తీసినప్పుడు మాత్రమే. సీలు ఆనే చోట ఇనుము గాడి పడిందేమో గోటితో తడిమి చూడాలి, పడితే కొత్త సీలు కూడా నిలవదు.

కాబట్టి పాత బులెట్ ఉన్నవాళ్ళకు ఒక్క మాట. ఎడమపక్క విప్పిన రోజే స్ప్రాకెట్, చైన్, గేరుబాక్సు సీలు, ప్రైమరీ మూత రబ్బరు, బ్రీదర్ వాల్వు అన్నీ కలిపి మార్పించుకోండి. సీలు, వాల్వు ఖరీదు కంటే రెండోసారి విప్పే కూలీ ఎక్కువ.