ఒక్క చుట్టు

మైలు నిడివైనా లేని ట్రాకుల మీద జరిగే స్టాక్ కారు పందాలు మన పాఠకులకు కొత్తే. అలన్ కుల్వికీ అక్కడ ఎదిగినవాడే. ఈ విస్కాన్సిన్ యువకుడు 1977లో మెకానికల్ ఇంజనీరింగు పట్టా పుచ్చుకున్నాడు. స్లింగర్ వంటి చిన్న ట్రాకుల మీద పందాలు నెగ్గి, ఉన్న సామాను అమ్ముకొని నార్త్ కరోలినా చేరాడు. 1986లో కొత్త డ్రైవర్లలో మేటి అనిపించుకున్నాడు. పేరుమోసిన యజమాని జూనియర్ జాన్సన్ పిలిచినా వెళ్లలేదు. సొంత జట్టే కావాలన్నాడు. మొండితనమే, కాని మాకది నచ్చింది.

1992 నవంబరు, అట్లాంటాలో ఆఖరి పందెం. గెలిచింది బిల్ ఇలియట్. అయితే ఎక్కువ చుట్లు ముందున్నవారికి అదనంగా 5 పాయింట్లు. కుల్వికీవి 103 చుట్లు, ఇలియట్‌వి 102. ఆ ఏటి ఛాంపియన్‌షిప్ 10 పాయింట్ల తేడాతో కుల్వికీకి దక్కింది. ఆ ఒక్క చుట్టు అటు పోతే టైటిలూ అటే పోయేది.

1993 ఏప్రిల్ 1న బ్రిస్టల్ పందానికి వెళ్తూ విమాన ప్రమాదంలో మరణించాడు. అప్పటికతని వయసు 38.