ఆ పన్నెండు మందీ ఎలా వెళ్తారు?

సైనికులు 1128 మంది. ఒక్కో బస్సులో 36 మంది పడతారు. అందరినీ తీసుకెళ్లాలంటే ఎన్ని బస్సులు కావాలి?

1980ల మొదట్లో అమెరికాలో జరిగిన జాతీయ స్థాయి పరీక్షలో పదమూడేళ్ల పిల్లలకిచ్చిన లెక్క ఇది. నూటికి 70 మంది భాగహారం తప్పుల్లేకుండా చేశారు. 36ని 31తో గుణిస్తే 1116, శేషం 12. అంతవరకూ భేష్! కానీ 29 మంది '31 బస్సులు, శేషం 12' అని రాసి చేతులు దులిపేసుకున్నారు. మరో 18 మంది 31 చాలన్నారు. 32 అని సరిగ్గా చెప్పింది 23 మందే. మిగిలిన ఆ పన్నెండు మందీ నడిచి రావాలా అన్న ఆలోచన మిగతావాళ్లకు రాలేదు!

దాదాపు అదే కాలంలో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో చిన్న క్లాసుల పిల్లల్ని ఇంకో చిత్రమైన ప్రశ్న అడిగారు. 'ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి. కెప్టెన్ వయసెంత?' 97 మందిలో 76 మంది ఉన్న అంకెలతోనే ఏదో ఒక లెక్క వేసి వయసు చెప్పేశారు. గొర్రెల్నీ మేకల్నీ కూడితే 36 వస్తుంది... కెప్టెన్‌కి తగిన వయసే మరి!

వాళ్లని చూసి నవ్వుకోవడం ఎందుకు? 'కూడికా టీచర్, తీసివేతా?' అన్న ప్రశ్న మన బడుల్లో వినిపించనిది కాదు. లెక్క చదవకముందే సూత్రం వెతుక్కోవడం అలవాటైపోతే వచ్చే చిక్కే ఇది.

ఉదాహరణకు, ఆరుగురు కూలీలు ఓ కాలవని 12 రోజుల్లో తవ్వితే తొమ్మిది మంది ఎన్ని రోజుల్లో తవ్వుతారు? సూత్రం బట్టీ పట్టిన పిల్లాడు 12ని 9తో గుణించి 6తో భాగిస్తాడు. 18 రోజులంటాడు. మనుషులు పెరిగితే పని ఆలస్యమవుతుందా? ఈ ఒక్క మాట తనను తాను అడిగితే చాలు, తప్పు దొరికిపోతుంది. అప్పుడిక సూత్రంతో పని లేదు. ఆరుగురు చేయాల్సింది ఒక్కడే చేస్తే 6 x 12... అంటే 72 రోజులు. ఆ పనిని తొమ్మిది మంది పంచుకుంటే 8 రోజులు.

ఇదేమీ కొత్త సంగతి కాదు. ఒకటి పెరిగితే ఇంకొకటి తగ్గే ఇలాంటి లెక్కల్ని భాస్కరాచార్యుడు 1150లోనే లీలావతిలో 'వ్యస్త త్రైరాశికం' పేరుతో వేరుగా చెప్పాడు. మహావీరాచార్యుడి గణితసార సంగ్రహాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అంటే, తెలుగులో లెక్కలు చెప్పుకోవడం మనకు వందల ఏళ్ల అలవాటే.

పెద్దలూ తక్కువేం కాదు. 500 రూపాయల చొక్కా ధర 20 శాతం పెంచి, పండక్కి 20 శాతం తగ్గిస్తే మళ్లీ 500కే వస్తుందనుకుంటారు. పెంచింది 500 మీద. కాబట్టి 600 అయింది. తగ్గించేది ఆ 600 మీద. అంటే 120 పోయి 480 మిగులుతుంది.

ఇంట్లో పిల్లలుంటే ఈ ఆదివారం ఒకటి అడిగి చూడండి. పది మీటర్ల కర్రని మీటరు ముక్కలుగా కోయాలి. ఒక్కో కోతకి నిమిషం. ఎంతసేపు పడుతుంది? పది నిమిషాలంటే తప్పని చెప్పకండి. కాగితం మీద గీత గీసి, కోతలు లెక్కపెట్టమనండి.