కేర్ ప్లాన్ రాయడం నేర్చుకోవడం



నేను కంప్యూటర్ల మనిషిని. కంపెనీలకి ఎలాంటి సాఫ్ట్‌వేర్ కావాలో అడిగి తెలుసుకుని కాగితం మీద పెట్టడం నా ఉద్యోగం. మరి నర్సింగ్ గురించి మాట్లాడడానికి నువ్వెవరివయ్యా అని మీరు అడగొచ్చు. మా మరదలు ఇక్కడ ఇంగ్లండులో నర్సింగ్ డిగ్రీ చదువుతోంది. తను కేర్ ప్లాన్లు రాయడం నేర్చుకుంటున్నన్నాళ్ళూ, వాటిని పైకి చదువుతుంటే వినే పని నాది. ఒక్క మాట ముందే చెప్పాలి. అసలు పేషెంట్ల వివరాలు ఏ విద్యార్థీ ఇంటికి తీసుకురాకూడదు. తరగతిలో అభ్యాసం కోసం ఇచ్చే కల్పిత కేసులే నేను విన్నవి.

ఇది మనకెందుకు అంటారా? మన పిల్లల్లో కొందరు నర్సింగ్ వైపు వెళుతున్నారు. ఇండియా నుంచి నర్సులుగా వస్తున్నవాళ్ళున్నారు. అమ్మానాన్నల్ని ఇక్కడికి తెచ్చుకున్నవాళ్ళు ఇంకా ఎక్కువ. ఈ మూడు రకాలవాళ్ళకీ ఏదో ఒకరోజు ఈ కాగితంతో పని పడుతుంది.

ఇంతకీ కేర్ ప్లాన్ అంటే ఏమిటి? డాక్టరు రాసేది జబ్బు గురించి. మెదడులో ఎడమ వైపు రక్తం గడ్డకట్టింది, పక్షవాతం వచ్చింది, ఈ మందు వెయ్యండి అంటారు. నర్సు రాసేది ఆ జబ్బుతో ఆ మనిషికి ఈ రోజు ఎలా గడుస్తుందన్నది. కుడి చెయ్యి లేవడం లేదు కదా, అన్నం ఎలా తింటుంది? బాత్‌రూముకి ఎవరు తీసుకెళతారు? మాట సరిగ్గా రావడం లేదు, నొప్పి పుడితే ఎలా చెబుతుంది? ఇలాంటి ప్రశ్నలకి రాతలో ఇచ్చే జవాబే కేర్ ప్లాన్. పొద్దుటి నర్సు వెళ్ళిపోయి రాత్రి నర్సు వస్తే, ఆవిడకి మీ అమ్మగారు ఎవరో తెలిసేది ఈ కాగితం వల్లనే.

ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. వార్డులో ఒక నర్సు అందరికీ జ్వరం చూసేది, ఇంకొకరు అందరికీ స్నానాలు చేయించేవారు, మరొకరు అందరికీ బెడ్‌పాన్లు పెట్టేవారు. పనిని పంచుకునేవారు గానీ, పేషెంటు మొత్తంగా ఎవరికీ చెందేవాడు కాదు. అమెరికాలో ఐడా జీన్ ఓర్లాండో 1961లో వేసిన పుస్తకంతో, నర్సు ముందు గమనించి, ఆలోచించి, తర్వాత చెయ్యాలి అనే పద్ధతికి ఒక రూపం వచ్చింది. 1970లలో అది బ్రిటన్‌కి చేరింది. ఇక్కడ దానికి నాలుగు మెట్లు. తెలుసుకోవడం, ప్రణాళిక వెయ్యడం, ఆచరించడం, ఫలితం చూడడం. ఫలితం చూశాక మళ్ళీ మొదటి మెట్టే.

మొదటి మెట్టులో ఏం తెలుసుకోవాలి? నాన్సీ రోపర్, వినిఫ్రెడ్ లోగన్, ఆలిసన్ టియర్నీ అనే ముగ్గురు 1980లో ఒక పుస్తకం వేశారు. మనిషి జీవితాన్ని పన్నెండు పనులుగా విడదీశారు. ప్రమాదం లేకుండా ఉండడం, ఎదుటివాళ్ళతో మాట్లాడడం, ఊపిరి, తిండీ నీళ్ళూ, మలమూత్రాలు, స్నానమూ బట్టలూ, ఒంటి వేడి, కదలిక, పనీ కాలక్షేపం, స్త్రీ పురుష భావన, నిద్ర, ఆఖరున మరణం. బ్రిటన్‌లో చాలా నర్సింగ్ కాలేజీల్లో విద్యార్థి మొదట పట్టుకునేది ఈ పన్నెండే. ప్రతి పనిలోనూ ఈ మనిషి జబ్బుకి ముందు ఎలా ఉండేవాడు, ఇప్పుడెలా ఉన్నాడు అని అడుగుతూ పోవాలి.

వీటికి తోడు కొన్ని లెక్కలున్నాయి. న్యూస్ 2 అనే స్కోరులో ఊపిరి వేగం, ఆక్సిజన్, రక్తపోటు, నాడి, స్పృహ, ఒంటి వేడి, వీటన్నిటికీ అంకెలు వేసి కూడతారు. ఆక్సిజన్ పెట్టి ఉంటే దానికీ అంకె ఉంది. మొత్తం 5 గానీ అంతకంటే ఎక్కువ గానీ వచ్చిందా, డాక్టరుని త్వరగా పిలవాలి. 7 అయితే అత్యవసరం. పోషకాహారానికి మస్ట్ అని ఒకటి ఉంది. దాంట్లో 2 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే ప్రమాదం ఎక్కువని అర్థం. పడకపుండ్లకి జూడీ వాటర్లో అనే నర్సు 1985లో చేసిన స్కేలు ఉంది. తెలుగులో వింటే 'నీళ్ళలో' అన్నట్టు ఉంటుంది గానీ, ఆవిడ ఇంటిపేరే అది. కొన్ని ఆస్పత్రుల్లో ఇప్పుడు వేరే స్కేళ్ళు వాడుతున్నారు.

ఇక్కడ నర్సింగ్ డిగ్రీ మామూలుగా మూడేళ్ళు. నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్, అంటే ఎన్.ఎమ్.సి. లెక్క ప్రకారం మొత్తం 4,600 గంటలు. అందులో సగం పాఠాలు, సగం వార్డుల్లో అనుభవం. కనుక కేర్ ప్లాన్‌ని విద్యార్థి ఒకసారి తరగతిలో నేర్చుకుంటుంది, మళ్ళీ మంచం పక్కన నేర్చుకుంటుంది. ఈ రెండో చదువే కష్టం.

ఒక కల్పిత కేసు చెబుతాను. గుంటూరు జిల్లా నుంచి బర్మింగ్‌హామ్‌లో కొడుకు దగ్గరికి వచ్చిన 72 ఏళ్ళ ఆవిడ. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి బలహీనమైంది. తెలుగు తప్ప వేరే భాష రాదు. శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. భోజనం ట్రే ఎలా వచ్చిందో అలాగే తిరిగి వెళుతోంది.

కొత్త విద్యార్థి రాసేది ఇలా ఉంటుంది. సమస్య: సరిగ్గా తినడం లేదు. లక్ష్యం: బాగా తినాలి. చెయ్యవలసింది: తినమని ప్రోత్సహించాలి. చూడడానికి బాగానే ఉంది కదూ! కానీ రాత్రి డ్యూటీకి వచ్చిన నర్సుకి దీన్నిబట్టి చెయ్యడానికి పనేమీ దొరకదు. టీచర్లు ఇలాంటి దాని పక్కన వేసే ప్రశ్న ఒకటే. ఎందుకు తినడం లేదు?

అక్కడే అసలు చదువు మొదలవుతుంది. కారణం మింగలేకపోవడం కావచ్చు. పక్షవాతం వచ్చినవాళ్ళకి గొంతు కండరాలు పట్టు తప్పితే, నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా వస్తుంది. అందుకే ఆస్పత్రికి వచ్చిన 4 గంటల్లోపు, నోట్లో నీళ్ళైనా మందైనా పడకముందే, మింగగలరో లేదో పరీక్షించాలని ఇక్కడి మార్గదర్శకాలు చెబుతున్నాయి. అది చూశారు, ఇబ్బంది లేదనుకుందాం. తిండిలో గుడ్డు వాసన వచ్చిందేమో! అదీ కాదనుకుందాం. ఇంకేం మిగిలింది?

ఎడమ చెయ్యి. కుడి చెయ్యి లేవదు, ఎడమ చేత్తో అన్నం తినడం ఆవిడకి ప్రాణం పోయినా ఇష్టం లేదు. డెబ్భై ఏళ్ళుగా ఆ చేతికి వేరే పని ఉంది. ఈ సంగతి తెలుగువాళ్ళకి చెప్పనక్కరలేదు. ఇంగ్లీషు నర్సుకి ఎవరూ చెప్పకపోతే ఎలా తెలుస్తుంది? ఆవిడ రికార్డులో 'భోజనం నిరాకరించారు' అని పడుతుంది. మూడు రోజులు అలాగే పడితే నీరసం, బరువు తగ్గడం, పుండ్లు, కోలుకోవడం ఆలస్యం. ఒక చిన్న సిగ్గు, ఎవరూ అడగని ఒక ప్రశ్న, ఇంత దూరం తీసుకెళతాయి.

ఇప్పుడు అదే ప్లాన్ మళ్ళీ రాద్దాం. సమస్య: కుడి చేతి బలహీనత వల్లా, ఎడమ చేత్తో తినడం తన ఆచారానికి విరుద్ధం కావడం వల్లా, పెట్టిన భోజనంలో పావు వంతే తింటున్నారు. లక్ష్యం: మూడు రోజుల్లో ప్రతి భోజనంలోనూ కనీసం సగం తినాలి. చెయ్యవలసినవి: దుబాసీ సాయంతో, ఎవరు తినిపిస్తే ఇష్టమో ఆవిడనే అడగాలి. గుడ్డు లేని శాకాహారం తెప్పించాలి. తినే ముందు నిటారుగా కూర్చోబెట్టాలి. లావు పిడి ఉన్న చెంచా కోసం ఆక్యుపేషనల్ థెరపిస్టుని పిలవాలి. చెంచా కుడి చేతికే ఇచ్చి కింద నుంచి చెయ్యి ఆసరా పట్టాలి. ఎంత తిన్నారో ప్రతిపూటా చార్టులో రాయాలి. వారానికోసారి బరువు చూడాలి, మస్ట్ స్కోరు 2 అయితే డైటీషియన్‌కి చెప్పాలి. ఫలానా తేదీన మళ్ళీ చూడాలి.

తేడా గమనించారా? చెంచా ఎడమ చేతికి ఇవ్వలేదు, పూర్తిగా తినిపించెయ్యనూ లేదు. ఆవిడ చెయ్యగలిగింది ఆవిడ చేతే చేయించాలి. మేం సాఫ్ట్‌వేర్‌లో 'వేగంగా పనిచెయ్యాలి' అని రాస్తే ఎవరూ ఒప్పుకోరు. 'రెండు సెకన్లలో తెరుచుకోవాలి' అంటేనే పరీక్షించడం వీలవుతుంది. 'బాగా తినాలి'కీ 'మూడు రోజుల్లో సగం'కీ ఉన్న తేడా అదే. మూడో రోజున సగం తినకపోతే తప్పు పేషెంటుది కాదు, ప్లాన్ మార్చాలి. ఆ ఆఖరి గడిని ఖాళీగా వదిలెయ్యడం విద్యార్థులు తరచూ చేసే పొరపాటు.

రాతకి కూడా నియమాలున్నాయి. 2018లో సవరించిన ఎన్.ఎమ్.సి. నియమావళి పదో అంశం రికార్డుల గురించే. జరిగిన వెంటనే గానీ వీలైనంత త్వరగా గానీ రాయాలి, తేదీ, సమయం వెయ్యాలి, అక్కరలేని పొడి అక్షరాలు వాడకూడదు. కాగితం మీద తప్పు రాస్తే పూర్తిగా చెరిపెయ్యకుండా, చదవడానికి వీలుగా ఒక్క గీత కొట్టి సంతకం పెట్టాలి. ఇప్పుడు చాలాచోట్ల ఇదంతా కంప్యూటర్లోనే. అక్కడ మా వాళ్ళు పెట్టిన సౌకర్యమే ఒక చిక్కు. తయారుగా ఉన్న వాక్యాన్ని నొక్కితే చాలు, ప్లాన్ నిండిపోతుంది. వార్డులో పది మందికీ ఒకే ప్లాన్ వస్తుంది. గడులు నింపడం వేరు, మనిషిని చూసి రాయడం వేరు.

ఇండియాలో చదివి ఇక్కడ రిజిస్టర్ కావాలనుకునే నర్సులు కంప్యూటర్ పరీక్షతో పాటు ఓస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష రాయాలి. అందులో పైన చెప్పిన నాలుగు మెట్లూ ఉంటాయి. ప్రణాళిక మెట్టులో పావుగంట లోపే రెండు సమస్యలకి కేర్ ప్లాన్ చేత్తో రాయాలి. అమెరికాలో చదివినవాళ్ళకి నర్సింగ్ డయాగ్నోసిస్ అని ఖాయమైన పేర్ల జాబితా అలవాటు. ఇక్కడ సమస్యని మామూలు మాటల్లో రాస్తే చాలు. కానీ ఎవరు, ఏమిటి, ఎంతసేపటికోసారి అన్నది స్పష్టంగా ఉండాలి.

ఇక కుటుంబాల సంగతి. మన పెద్దవాళ్ళని నొప్పిగా ఉందా అని అడిగితే 'ఏం పరవాలేదమ్మా' అంటారు. అది మర్యాద. కాగితం మీద మాత్రం అది 'నొప్పి లేదు' అయిపోతుంది. ఆ మాటకి అర్థం మీరే నర్సుకి చెప్పాలి. మలవిసర్జన తర్వాత నీళ్ళు కావాలి, కాగితం అలవాటు లేదు అన్నది కూడా చెప్పండి, అది రాసుకునే గడి ఉంది. అయితే దుబాసీ పని మాత్రం మీరే పూర్తిగా నెత్తిన వేసుకోకండి. కొడుకు ముందు తల్లి కొన్ని విషయాలు చెప్పదు. దుబాసీ కావాలని అడగండి, ఎన్.హెచ్.ఎస్.లో దానికి డబ్బు తీసుకోరు.

ఇంకొకటి. అమ్మ ఏమీ తినడం లేదని ఇంటి నుంచి చారన్నం పట్టుకెళ్ళి, నర్సు అటు తిరగగానే రెండు ముద్దలు పెట్టే ప్రేమ మనది. మింగడం కష్టంగా ఉన్నవాళ్ళకి పల్చటి చారూ గట్టి మెతుకూ కలిసి ఉన్న ముద్ద చాలా ప్రమాదం. ముందు అడగండి. ఏం పెట్టవచ్చో, ఎంత మెత్తగా ఉండాలో ప్లాన్‌లో రాయిస్తే, మీరు తెచ్చిందే ధైర్యంగా పెట్టవచ్చు.

పన్నెండో గడి మరణం. మన ఇళ్ళల్లో ఆ మాట ఎత్తితే అశుభం అంటారు. మా మరదలికీ అన్నిటికంటే కష్టమనిపించిన గడి అదే. కానీ ఆఖరి ఘడియల్లో పక్కన ఎవరుండాలి, నోట్లో తులసి తీర్థం పొయ్యాలా, ఒంటిని ఎవరు తాకాలి అన్నవి ముందే చెప్పి ఉంటే, అర్ధరాత్రి డ్యూటీలో ఉన్న ముక్కూ మొహం తెలియని నర్సు కూడా వాటిని గౌరవించగలదు. చెప్పకపోతే ఆ గడి ఖాళీ, ఆ రాత్రి అంతా గందరగోళం.

కనుక ఆస్పత్రిలో ఒక కుర్ర విద్యార్థిని వచ్చి, ఇప్పటికే ముగ్గురు అడిగిన ప్రశ్నలు నాలుగోసారి అడిగితే విసుక్కోకండి. కుర్చీ లాగి కూర్చోమనండి, తీరిగ్గా చెప్పండి. మీరు చెప్పిన ఒక్క సంగతి ఆ ప్లాన్‌లో పడితే, మీరు ఇంటికి వెళ్ళాక కూడా అమ్మకి అన్నం అందుతుంది.