పేరు మేఘం, ఉండేది నేలమీద

చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాల నుంచి డిప్లొమా, బి.సి.ఎ., ఇంజనీరింగు చదువులకు వెళ్ళిన పిల్లలు ఇప్పుడు చాలా ఇళ్ళలో ఉన్నారు. వాళ్ళ పుస్తకాల్లో వర్చువలైజేషన్, క్లౌడ్ కంప్యూటింగ్ అనే రెండు మాటలు తప్పకుండా వస్తాయి. నిర్వచనం రాసి మార్కులు తెచ్చుకోవడం కష్టం కాదు. కానీ రేపు బెంగళూరులో ఇంటర్వ్యూకు కూర్చున్నప్పుడు, "ఒకే యంత్రంలో నాలుగు కంప్యూటర్లు ఎలా ఉంటాయి? ఒకటి ఆగిపోతే మిగతా మూడింటి సంగతేమిటి?" అని అడిగితే, కంఠస్థం చేసిన నిర్వచనం ఆదుకోదు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, కాలేజీలో ఇంగ్లీషు అయిన మన పిల్లలకు విషయం ముందుగా ఇంటిమాటలో తెలిస్తే, తర్వాత ఏ భాషలో అడిగినా చెప్పగలరు.

మనందరికీ తెలిసిన పహణితో మొదలుపెడదాం. ఒకప్పుడు పహణి కావాలంటే గ్రామ లెక్కాధికారి దగ్గరికి, మన పెద్దవాళ్ళ మాటలో శానుభోగు దగ్గరికి వెళ్ళాలి. పుస్తకం ఆయన దగ్గరే. ఆయన ఊళ్ళో లేకపోతే మనకు కాగితం లేదు. కర్ణాటక ప్రభుత్వం 'భూమి' పథకం కింద సుమారు 67 లక్షల మంది రైతులకు చెందిన 2 కోట్ల పహణీలను కంప్యూటరుకు ఎక్కించింది. 2000 దశకం మొదట్లోనే 177 తాలూకా కచేరుల్లో 15 రూపాయలు కట్టి, ముద్రించిన పహణి తీసుకునే ఏర్పాటు వచ్చింది. అయితే అప్పట్లో ఏ తాలూకా సర్వరు ఆ తాలూకాదే. బాగేపల్లి లెక్కలు బాగేపల్లి యంత్రంలో, చింతామణి లెక్కలు చింతామణి యంత్రంలో ఉండేవి. ప్రతిచోటా ఒక యంత్రం, దానికి బ్యాటరీలు, దాన్ని చూసుకునే మనిషి. అక్కడ యంత్రం మొరాయిస్తే ఆ తాలూకా మొత్తానికి పని ఆగినట్టే. తర్వాత ఈ లెక్కలన్నింటినీ నెట్‌వర్కుతో కలిపి బెంగళూరులోని రాష్ట్ర డేటా సెంటరుకు చేర్చారు. ఇప్పుడు పహణిని ఇంట్లో కూర్చుని ఫోనులోనే చూడవచ్చు.

మరి పహణి క్లౌడులోకి వెళ్ళినట్టేనా? ఆ ప్రశ్నను కాసేపు పక్కన పెడదాం. ముందు యంత్రాన్ని పంచుకోవడం ఎలాగో తెలియాలి.

మన జిల్లాలో బోర్లు వెయ్యి అడుగులు దాటిన సంగతి మీకు ఎవరూ చెప్పనక్కరలేదు. పది మంది రైతులు పది బోర్లు వేస్తే, పదింటికీ ఖర్చు, పదింటికీ మోటర్లు. ఒక్కొక్కటి రోజులో నడిచేది కొద్ది గంటలే. కంపెనీల్లో, కచేరుల్లో సర్వర్లు కూడా చాలాకాలం ఇలాగే ఉండేవి. జీతాల లెక్కకు ఒకటి, మెయిలుకు ఒకటి, వెబ్‌సైటుకు ఒకటి. ఒక్కొక్కటి తన శక్తిలో కొంచెమే వాడుతూ, మిగతా సమయమంతా కరెంటు తింటూ కూర్చునేది.

దీనికి ఎదురుగా మన పాత చెరువును గుర్తు తెచ్చుకోండి. చెరువు ఒకటే, కింద మడులు ఎన్నో. ఎవరి మడికి ఎప్పుడు, ఎంత నీరు అన్నది నీరుగంటి చూసేవాడు. తూము ఎత్తే అధికారం అతనికే. రైతుకు తన వంతు నీరు వస్తుంది, తన మడి తనది. పక్క మడిలో ఏం పండిస్తున్నారో అతనికి పనిలేదు.

వర్చువలైజేషన్ సరిగ్గా ఇదే. ఒక పెద్ద యంత్రం మీద హైపర్‌వైజర్ అనే సాఫ్ట్‌వేరు కూర్చుంటుంది. అది నీరుగంటి. దాని కింద ఉండే ఒక్కొక్క మడి పేరు వర్చువల్ మెషీన్. ఒక్కొక్కదానిలో వేరువేరు ఆపరేటింగ్ సిస్టమ్ నడుస్తుంది. ఒకదానిలో విండోస్, ఇంకొకదానిలో లినక్స్ ఉండవచ్చు. ప్రతిదీ యంత్రమంతా తనదే అనుకుంటుంది. లోపలి సిస్టమ్ ఏదైనా ముఖ్యమైన ఆజ్ఞ ఇచ్చినప్పుడు, అంటే తూము మీద చెయ్యి వేసినప్పుడు, ప్రాసెసర్ అక్కడ ఆపి హైపర్‌వైజర్‌ను పిలుస్తుంది. అది చూసి, ఇవ్వదగినది ఇచ్చి, మళ్ళీ పని సాగనిస్తుంది. ఇందాకటి ఇంటర్వ్యూ ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. ఒక మడి ఎండితే పక్క మడికి ఏమీ కాదు. చెరువు కట్ట తెగితే మాత్రం అందరికీ నష్టమే. అంటే ఒక వర్చువల్ మెషీన్ ఆగినా మిగతావి నడుస్తాయి. అసలు యంత్రం ఆగితే అన్నీ ఆగుతాయి.

విద్యార్థులు తరచుగా తికమకపడే చోటు ఒకటుంది. ప్రాసెసర్ సమయం నీటి వంతు లాంటిది. నీకు కొంతసేపు, నాకు కొంతసేపు. ఎనిమిది కోర్ల యంత్రం మీద మొత్తం ఇరవై కోర్లు ఉన్నట్టు పంచినా, అందరూ ఒకేసారి అడగనంతవరకు గడిచిపోతుంది. మెమరీ అలా కాదు, అది మడి నేల లాంటిది. ఒకే నేలలో ఒకే సమయంలో ఇద్దరు నాట్లు వేయలేరు. అందుకే సర్వరులో ఎన్ని వర్చువల్ మెషీన్లు పడతాయన్నది చాలాసార్లు మెమరీయే తేలుస్తుంది. నన్నడిగితే, ఈ ఒక్క తేడా తెలిసినవాడికి సగం పాఠం వచ్చినట్టే.

ఇదంతా కొత్త విద్య అనుకునేరు. ఐ.బి.ఎం. కంపెనీ 1960లలోనే ఇలాంటి ప్రయోగాలు చేసి, 1972లో వీఎం 370 అనే వ్యవస్థను ప్రకటించింది. అప్పటి యంత్రాలు చాలా ఖరీదు, పంచుకోక తప్పదు. తర్వాత చిన్న కంప్యూటర్లు చవకై ఎవరి బోరు వాళ్ళు వేసుకున్నారు. ఆ చిన్న కంప్యూటర్లలోని ఇంటెల్ ప్రాసెసర్లతో ఒక చిక్కు ఉండేది. కొన్ని ముఖ్యమైన ఆజ్ఞలకు అవి నీరుగంటిని పిలిచేవి కావు. 1998లో మొదలైన వీఎంవేర్ కంపెనీ ఆ ఆజ్ఞలను నడుస్తుండగానే మార్చి రాసే ఉపాయంతో దీన్ని దాటింది. 2005లో ఇంటెల్, 2006లో ఏ.ఎం.డి. తమ ప్రాసెసర్లలోనే ఆ సదుపాయం పెట్టాయి.

2006లోనే అమెజాన్ కంపెనీ ఇలాంటి వర్చువల్ మెషీన్లను గంటల లెక్కన అద్దెకివ్వడం మొదలుపెట్టింది. క్లౌడ్ అనే మాట అందరి నోటికి వచ్చింది ఆ తర్వాతే. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2011లో దీనికి ఐదు లక్షణాలు చెప్పింది. ఎవరినీ అర్జీ పెట్టి అడగకుండా మనమే తీసుకోగలగాలి. నెట్‌వర్కు ద్వారా అందాలి. ఒకే వనరును చాలామంది పంచుకోవాలి. అవసరాన్ని బట్టి పెరగాలి, తగ్గాలి. వాడినంతకు మీటరు తిరగాలి. ఈ ఐదింట్లో పెరగడం, తగ్గడం గొప్పతనం ఎస్.ఎస్.ఎల్.సి. ఫలితాల రోజు తెలుస్తుంది. ఏడాదంతా ఖాళీగా ఉండే వెబ్‌సైటు మీద ఆ ఒక్క పూట రాష్ట్రమంతా పడుతుంది. ఆ పూటకు యాభై యంత్రాలు తీసుకుని సాయంత్రానికి వదిలేయగలిగితే అది క్లౌడ్.

ఇప్పుడు పహణి దగ్గరికి తిరిగి వద్దాం. లెక్కలన్నీ ఒకచోటికి చేర్చినంత మాత్రాన అది క్లౌడ్ కాదు. అది కేంద్రీకరణ. పై ఐదు లక్షణాలతో కొలిచి చూసిన తర్వాతే ఆ పేరు పెట్టాలి. ప్రభుత్వ పనులకు క్లౌడ్ కావాలని కేంద్రం వేరే పథకమే పెట్టుకుంది. దాని పేరు మేఘరాజ్. అందులో భాగంగా నేషనల్ ఇన్ఫర్మాటిక్స్ సెంటర్ జాతీయ క్లౌడ్ 2014లో మొదలైంది. మేఘరాజ్ వస్తున్నాడంటే మన ఊళ్ళలో వాన కోసం ఆకాశం వైపు చూస్తారు, అది వేరే సంగతి. ఈ మేఘాలు నేలమీదే ఉంటాయి. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాదులో మొదలుపెట్టిన కేంద్రాలు కూడా కరెంటు, చల్లదనం, కాపలా కావలసిన మామూలు భవనాలే.

క్లౌడ్ సేవలు మూడు రకాలని పుస్తకాల్లో ఉంటుంది. చింతామణిలో పెళ్ళికి ఛత్రం మాట్లాడుకున్నట్టు అనుకోండి. ఖాళీ ఛత్రం తీసుకుని, గిన్నెలూ వంటవాళ్ళూ మనమే తెచ్చుకోవడం మొదటిది. అందులో మనకు వర్చువల్ మెషీన్ ఒక్కటే ఇస్తారు. పొయ్యి, పాత్రలు, వంటవాళ్ళు వాళ్ళవి, సరుకులూ వంటల పట్టికా మనవి అయితే రెండోది. అందులో మన ప్రోగ్రాము మాత్రం రాసి పెడతాం. నేరుగా ఆకు ముందు కూర్చోవడం మూడోది. మీ ఫోనులోని మెయిలు ఆ జాతే.

ఏ రకంలోనైనా మర్చిపోకూడనిది, మన సమాచారం భద్రత మన బాధ్యత కూడా. ఛత్రం యజమాని పెద్ద గేటుకు తాళం వేస్తాడు. నగల పెట్టెకు తాళం మనమే వేయాలి. 2025 సెప్టెంబరులో దక్షిణ కొరియాలోని డేజాన్ నగరంలో ప్రభుత్వ డేటా సెంటరులో బ్యాటరీల నుంచి మంటలు లేచాయి. ఉద్యోగులు ఫైళ్ళు దాచుకునే క్లౌడ్ ఒకటి కాలిపోయింది. అందులో 858 టెరాబైట్ల సమాచారం. దానికి బయట ఇంకెక్కడా నకలు లేదు. మన పొలం హద్దులు కూడా ఇలాంటి భవనాల్లోనే ఉన్నాయి కాబట్టి, ఆ నకలు ఎక్కడుందని అడగడం రైతుకైనా తగిన ప్రశ్నే.

విద్యార్థులు దీన్ని ఇంట్లోనే చేసి చూడవచ్చు. క్లౌడ్ కంపెనీల ఉచిత ఖాతాలకు తొందరపడకండి. వాటికి చాలాచోట్ల కార్డు నంబరు అడుగుతారు, మిషన్ ఆపడం మరిస్తే బిల్లు వస్తుంది. 8 జీబీ మెమరీ ఉన్న మామూలు లాప్‌టాపు చాలు. వర్చువల్‌బాక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు వేసుకోండి. అది మొరాయిస్తే లాప్‌టాపు మొదలయ్యేటప్పుడు వచ్చే బయోస్‌లో వర్చువలైజేషన్ సదుపాయం ఆపేసి ఉందేమో చూడండి. కొత్త మెషీన్‌కు 2 జీబీ మెమరీ, 20 జీబీ డిస్కు ఇచ్చి లినక్స్ ఎక్కించండి. 20 జీబీ అని చెప్పినా, డిస్కు ఫైలు మొదట చిన్నదిగానే ఉండి వాడేకొద్దీ పెరగడం గమనించండి. తర్వాత స్నాప్‌షాట్ తీసి, లోపల కొన్ని ఫైళ్ళు కావాలనే చెరిపి, వెనక్కి తిప్పండి. చెరిపినవి తిరిగి కనిపిస్తాయి. కానీ ఆ స్నాప్‌షాట్ ఉన్నది కూడా అదే లాప్‌టాపులో. లాప్‌టాపు పోతే రెండూ పోతాయి. అందుకని మెషీన్‌ను ఒకే ఫైలుగా ఎగుమతి చేసి, పెన్‌డ్రైవులో వేసి, స్నేహితుడి కంప్యూటరులో తెరిచి చూడండి. మీరు ఇంట్లో ఆపిన మెషీన్ అక్కడ లేచి కూర్చుంటుంది.