బాణం గుర్తు ఎటు వెయ్యాలి

రొయ్యల చెరువులో నీటికి గాలి అందించే ఏరియేటరు బిగించే మనిషికి మాన్యువల్ చదివే తీరిక ఉండదు. నాగాయలంక వైపు గట్ల మీద నేను చూసింది ఇదీ: మడత విప్పిన కాగితం, ఎగిరిపోకుండా దాని మీద ఒక పానా, పక్కనే తడి చేతులతో ఇద్దరు ఫిట్టర్లు. వాళ్ళు అక్షరాల జోలికి పోరు. బొమ్మ చూస్తారు, సామాను చూస్తారు, మళ్ళీ బొమ్మ చూస్తారు. ఆ బొమ్మలు గీయడమే నా పని. విజయవాడలో ఇంట్లోనే కూర్చుని, బొమ్మకింత అని కంపెనీలకు గీసిస్తాను.

కంపెనీ వాళ్ళు త్రీడీ మోడల్ పంపుతారు. ఇక గీసేదేముంది, కంప్యూటరే తీసిస్తుంది కదా అంటారు చాలామంది. తీసిస్తుంది. కాకపోతే ప్రతి స్క్రూనీ, ప్రతి అతుకునీ ఒకే మందం గీతతో తీసిస్తుంది. అందులో ఇప్పుడు చెయ్యి పడాల్సిన చోటు ఏదో తేల్చుకుని, అక్కర్లేనిది చెరిపెయ్యడమే అసలు పని. వస్తువు అంచుకు అర మిల్లీమీటరు గీత, లోపలి వివరాలకు అందులో సగం. నీడలు వెయ్యను. జిరాక్సు మీద జిరాక్సు తీసేసరికి అవి నల్లమచ్చలే అవుతాయి.

గీసే పద్ధతి ఐసోమెట్రిక్. నిలువు గీత నిలువుగానే ఉంటుంది, పొడవు వెడల్పులు చెరో పక్కకీ 30 డిగ్రీల వాలులో సాగుతాయి. దూరంగా ఉన్నది చిన్నదవదు కాబట్టి ఒకే సైజు బోల్టులు బొమ్మలో ఎక్కడున్నా ఒకేలా కనపడతాయి. అదే ఫోటోలో అయితే వెనక బోల్టు చిన్నగా పడి, వేరే సైజేమోనని అనుమానం పుడుతుంది. ఈ పద్ధతిని 1822లో కేంబ్రిడ్జి ప్రొఫెసర్ విలియం ఫేరిష్ వివరించి రాశారు. ఆయన పాఠంలో చూపించే యంత్రాల నమూనాలను విప్పేసి, మళ్ళీ వేరేవి బిగిస్తూ ఉండేవారు. బిగించే సహాయకులకు దారి చూపడానికి ఆయనకు ఈ రకం బొమ్మ అవసరమైంది. ఈ సంగతి తెలిసిన రోజున నా వృత్తికి ఒక తాతగారు దొరికినంత సంతోషపడ్డాను.

పద్ధతి తెలిసి కూడా ఒకచోట తప్పు చేశాను. ఏరియేటరంటే కింద ఫ్లోట్లు, మధ్యలో మోటారు, గేరుబాక్సు, ఇరుపక్కలా రెక్కల చక్రాలు. రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ పీలుస్తుంది గనక తెల్లవారుజాముకి నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఏరియేటరు తప్పనిసరిగా తిరగాల్సిన వేళ అది. చెరువులో అన్నీ ఒకే వరసలో నీటిని తోస్తే, నీరు గుండ్రంగా తిరిగి మడ్డి మధ్యకు చేరుతుంది. ఒక్కటి ఎదురు తోసినా ఆ ప్రవాహం చెడుతుంది. త్రీ ఫేజ్ మోటారుకు ఏ రెండు వైర్లు తారుమారైనా చక్రం ఎదురు తిరుగుతుంది. అందుకే బొమ్మలో బాణం గుర్తు ఉండాలి.

నేను బాణాన్ని చక్రం పై అంచున వేశాను. చక్రం తిరిగేది అటే. కానీ నీటిని తోసేవి కింద మునిగి ఉన్న రెక్కలు. పై రెక్క ఎటు పోతే కింది రెక్క దానికి ఎదురు పోతుంది. గట్టు మీద ఫిట్టరు నా బాణాన్ని నీళ్ళు పోయే దారి అనుకున్నాడు. స్విచ్చి వేస్తే నీళ్ళు అటు పోలేదు. వైర్లు మార్చి, బాణం చూపినట్టే పంపాడు. అతను బొమ్మను నమ్మాడు. తప్పు నాది.

అప్పట్నుంచీ వస్తువు బిగించే చోటు చూడకుండా గీత మొదలుపెట్టను. బొమ్మకింత అనే లెక్కలో ఈ తిరుగుడుకి చోటు లేదు. ఉండి తీరాలి. అందుకని ప్రతి కొటేషన్లోనూ ఒక వరస చేరుస్తున్నాను, బిగించే చోటు చూడటానికి ఒక రోజు అని. కొందరు ఒప్పుకుంటారు, కొందరు కొట్టేస్తారు. కొట్టేసినా వెళ్ళొస్తాను.

కొత్త బొమ్మలో రెండు బాణాలున్నాయి. చక్రం మీద సన్నగా, వంపు తిరిగినది ఒకటి. నీళ్ళ మీద లావుగా, తిన్నగా ఇంకొకటి, దాని ముందు మూడు అలలు. వెనక గట్టు గీశాను, గట్టున ఒక గుంజ, గుంజకు ఏరియేటరు తాడు.