జాడీకి వాసెన చాలు

వేటపాలెం అనగానే జీడిపప్పు గుర్తొస్తుంది. దూరదేశాలకు వెళ్లే జీడిపప్పును డబ్బాలో పోసి, లోపలి గాలి లాగేసి, కార్బన్ డయాక్సైడ్ నింపి సీలు వేయడం ఆ వ్యాపారంలో పాత పద్ధతే. ఆవకాయ దగ్గరికొచ్చేసరికి జాడీ మూతికి గుడ్డతో వాసెన కట్టి ఊరుకుంటాం. మొదటిది శాస్త్రం, రెండోది ఉత్త అలవాటు అనుకుంటే పొరపాటే. రెంటికీ శత్రువులు వేరు. ఆక్సిజన్ తగిలితే పప్పులోని నూనె చెడి పాత వాసన వేస్తుంది, సముద్రపు గాలిలోని తేమకు పప్పు మెత్తబడుతుంది. పచ్చడికి భయం సూక్ష్మజీవులతో. వాటిని అణచేది ముక్కలోని పులుపు, మనం పోసిన ఉప్పు. ఆ పులుపుకీ ఉప్పుకీ తాను కరగకుండా నిలబడటమే జాడీ పని.

అది చిన్న పనేం కాదు. ఉత్త మట్టికుండలో పోస్తే ఉప్పునీరు గోడల్లోంచి చెమర్చి బయట తెల్లగా పేరుకుంటుంది. రాగి, ఇత్తడి పాత్రలకు చిలుము పడుతుంది. సీసం కలిసిన పూత నున్నగా మెరుస్తుంది కానీ, పులుపు తగిలితే ఆ సీసం మెల్లగా తిండిలోకి దిగుతుంది. దీనికి జవాబు, గట్టిబంక మట్టిని 1200 డిగ్రీల పైచిలుకు వేడిలో కాల్చి గాజులాంటి పూత తెప్పించడం. జర్మనీలో రైన్ నది ఒడ్డు కుమ్మరులు ఇందుకు చిత్రమైన దారి పట్టారు: ఆము బాగా కాగినప్పుడు అందులోకి ఉప్పు విసిరేవారు. అది ఆవిరై, అందులోని సోడియం మట్టిలోని సిలికాతో కలిసి గాజుపొర కట్టేది. ఉప్పును దాచే పాత్రకు ఉప్పే కవచం! ఇక బంగాళాఖాతానికి ఆవలి ఒడ్డున, బర్మాలోని మర్తబాన్ రేవు పేరు మోసిన పెద్ద జాడీలు ఓడలెక్కి దేశదేశాలు తిరిగాయి. 14వ శతాబ్దపు యాత్రికుడు ఇబ్న్ బతూతా, తనకు అల్లం, మిరియాలు, నిమ్మకాయలు, మామిడికాయలు ఉప్పులో ఊరవేసి నింపిన మర్తబాన్ జాడీలు బహుమానంగా వచ్చాయని రాసుకున్నాడు. ఓడ ప్రయాణంలో తినడానికి!

జాడీ కన్నా బిరడా బిగించిన గాజుసీసా మేలు కాదా అని అడగవచ్చు. సీసా చరిత్ర గొప్పదే. ఆహారాన్ని సీసాలో మూసి ఉడికించి నిలవచేసినందుకు ఫ్రాన్స్‌లో నికొలా అపేర్‌కు 1810లో 12,000 ఫ్రాంకుల బహుమానం దక్కింది. 1858లో అమెరికాలో జాన్ మేసన్ మరమూత సీసాకు పేటెంట్ పొందాడు. అయితే అపేర్ పద్ధతికి ప్రాణం మూతలో ఎంత ఉందో, ఉడికించడంలోనూ అంతే ఉంది. పులుపు లేని పదార్థాన్ని సరిగా ఉడికించకుండా గాలి మూసేస్తే కొత్త ప్రమాదం తలెత్తుతుంది. 1895లో బెల్జియంలోని ఎలెజెల్ ఊళ్లో ఊరవేసిన పందిమాంసం తిని వాద్యబృందం వాళ్లు జబ్బుపడ్డారు, కొందరు చనిపోయారు. వాన్ ఎర్మెంగెమ్ అనే శాస్త్రవేత్త అందులోంచి పట్టుకున్న బాక్టీరియా గాలి లేనిచోటనే పెరిగేది. బాట్యులిజం అనే విషాహార జబ్బుకు కారకం అదే. పీహెచ్ 4.6 కన్నా తక్కువగా, అంటే పులుపు గట్టిగా ఉన్నచోట అది విషం పుట్టించలేదు. పచ్చి మామిడి ఆ గీతకు చాలా కిందే ఉంటుంది. అందుకే నూనెలో మునిగి గాలాడకపోయినా ఆవకాయ ముక్క భయపెట్టదు.

మరి బూజెందుకు పడుతుందంటారా? బూజు పులుపును ఓర్చుకుంటుంది, గాలిని కోరుకుంటుంది. నూనెపైకి తేలిన ముక్క మీదో, తడి గరిటె పెట్టినచోట ఉప్పు పలచనైన పైపొరలోనో అది మొదలవుతుంది. మూడోరోజు అడుగునుంచి తిరగకలపడం ఇందుకే: ఉప్పు ముక్కలోంచి లాగిన ఊట అంతటా పట్టి, ఉప్పందని ముక్క మిగలకుండా ఉంటుంది. బూజును తీసేసి కిందిది వాడుకోవచ్చన్న మాట మాత్రం నేనొప్పుకోను. కొన్ని బూజులు పులుపును తినేస్తాయి, దాంతో కింద ఉన్న రక్షణే సడలుతుంది. రక్తపోటు ఉన్నవాళ్లు ఉప్పు తగ్గించుకోవాలనడం న్యాయమే. అలా ఉప్పు తగ్గించిన పచ్చడి కొద్దిగా పెట్టుకుని ఫ్రిజ్‌లో ఉంచాలి, ఏడాది జాడీలో కాదు. టమాటా పీహెచ్ ఒక్కోసారి 4.6 గీత దాటిపోతుంది, అంటే పులుపు చాలదు. నిలవపచ్చడిలో చింతపండు వేయడం రుచికోసమే కాదన్నమాట. ఇక మామిడి, చింతపండు ఏదీ లేకుండా పచ్చి వెల్లుల్లి రెబ్బల్ని ఉత్త నూనెలో వేసి గట్టున ఉంచడం ఎంత మంచి జాడీలోనైనా ప్రమాదమే. దాన్ని ఫ్రిజ్‌లో పెట్టి, నాలుగు రోజుల్లో వాడేయాలి.