పోయిన ఉత్తరాలు టేపులో దొరికాయి!

పిల్లలూ! ఒకరోజు మీరు సంచీలోంచి నోటు పుస్తకం తీసి చూస్తే అన్నీ తెల్ల కాగితాలే కనిపించాయనుకోండి. గుండె గుభేలుమనదూ? 2011 ఫిబ్రవరి 27న కొందరికి అలాంటి అనుభవమే ఎదురయింది. జీమెయిల్ తెరిచి చూసుకుంటే పాత ఉత్తరాలు ఒక్కటీ లేవు!

ప్రోగ్రాములో చేసిన ఒక మార్పులో పొరపాటు దొర్లింది. నష్టపోయినవారు నూటికి 0.02 వంతు, అంటే పదివేలమందిలో ఇద్దరని గూగుల్ సంస్థ ప్రకటించింది. ఇద్దరేనా అనకండి. జీమెయిల్ వాడేవాళ్ళు కోట్లలో వున్నారు గదా!

అంత పెద్ద సంస్థ ఉత్తరాలకు నకళ్ళు దాచుకోదా అని మీరడగవచ్చు. దాచుకుంది, ఒకటికి నాలుగు చోట్ల. ఒకచోట యంత్రం చెడితే మరోచోటి నకలు క్షణంలో అందుతుంది. కాని ఈసారి చెడింది యంత్రం కాదు, దాన్ని నడిపే ప్రోగ్రాము. అందుచేత ఆ పొరపాటు చాలా నకళ్ళను ఒక్కసారే తాకింది. నల్లబల్ల మీద మేష్టారు తప్పు రాస్తే తరగతిలో అందరి పుస్తకాల్లోకీ అదే తప్పు ఎక్కుతుంది చూడండి, అలాగన్నమాట. (ఈ దెబ్బ నాకూ తగులుతుంది లెండి!)

చివరికి ఆదుకున్నది అయస్కాంత టేపు. పాటల క్యాసెట్టుకు ఇది దగ్గరి చుట్టం. పలుచని ప్లాస్టిక్ పట్టీ మీద అయస్కాంత గుణంగల పూత వుంటుంది. ఆ పూతలోని కణాల అయస్కాంత దిశల్లో వచ్చే మార్పుల్నే యంత్రం 1, 0 అంకెలుగా చదువుకుంటుంది. ఐ.బి.ఎం. సంస్థ తన తొలి టేపు యంత్రాన్ని ప్రకటించింది 1952లోనే. ఇంత పాతదాన్ని ఇంకా ఎందుకు వాడుతున్నారు? యంత్రంలోంచి తీసి అలమారలో పెట్టిన టేపును ఏ ప్రోగ్రామూ ముట్టుకోలేదు. అదీ దాని బలం.

బలహీనతా వుంది. కావలసినచోటికి దూకటం టేపుకు రాదు, చుట్ట తిరగవలసిందే. ఒక లెక్క చేద్దాం. 2021లో వచ్చిన ఎల్.టి.ఒ.-9 రకం టేపు పొడవు 1,035 మీటర్లు. అందులో 18 లక్షల కోట్ల బైట్లు పడతాయి. సెకనుకు 40 కోట్ల బైట్ల చొప్పున చదివినా మొత్తానికి 45,000 సెకన్లు, అంటే పన్నెండున్నర గంటలు! మిల్లీసెకన్లలో కావలసిన పనికి గంటలు పట్టిందని గూగుల్ కూడా చెప్పుకుంది. అయితేనేం, ఉత్తరాలు తిరిగి వచ్చాయి.

రోజూ మొత్తం నకలు తీయటం కష్టం. అందుకని చాలా కార్యాలయాల్లో ఆదివారం మొత్తం తీసి, మిగిలిన రోజుల్లో ఆనాడు మారినవి మాత్రమే తీస్తారు. గురువారం మధ్యాహ్నం అన్నీ పోయాయనుకుందాం. ముందు ఆదివారం టేపు, తర్వాత సోమ, మంగళ, బుధవారాలవి వరుసగా ఎక్కించాలి. గురువారం పొద్దుట చేసిన పని పోయినట్టే. మరి మంగళవారం టేపు తెగిపోతే? సోమవారం దాకా మాత్రమే నమ్మకంగా చెప్పగలం. బుధవారం టేపులో ఆనాడు మారినవే వుంటాయి గదా!

ఇంతకూ తీసిన నకలు పనిచేస్తుందో లేదో ముందే పరీక్షించుకోవాలి సుమా. మా బడిలో ఒకసారి మార్కుల జాబితాకు నకలు తీసి భద్రంగా బీరువాలో దాచాం. అవసరం పడ్డనాడు చూస్తే అది తెరుచుకోలేదు. దాచేముందు ఒక్కసారైనా తెరిచి చూడలేదు మరి! జవాబు పత్రాలు ఇంకా పారెయ్యలేదు కాబట్టి బతికిపోయాం. వాటిని ముందేసుకుని రెండు రాత్రులు కూర్చుని మార్కులన్నీ మళ్ళీ ఎక్కించాను.